స్టెంట్ వేశాక పన్నెండు వారాలు: హనుమకొండలోని ఒక గుండె పునరావాస కేంద్రంపై సమీక్ష

ఈ సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా బాపుకు గుండెపోటు వచ్చింది. ఆయన వయసు 62. ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపి, విరమణ తర్వాత పరకాల దగ్గరి మా ఊళ్ళో తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. రాత్రి భోజనం తర్వాత ఛాతీలో మొదలైన బరువును గ్యాస్ అనుకొని, సోడా తాగి, వాము నమిలి, తెల్లవారేదాకా ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నారు. హనుమకొండకు తీసుకొచ్చేసరికి ఏడు గంటలు గడిచిపోయాయి. గుండె ముందు భాగానికి రక్తం చేర్చే పెద్ద ధమని మూసుకుపోయిందని చెప్పి, వైద్యులు దానిని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం, అంటే స్టెంట్, ఒకటి వేసి ప్రాణం నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు మరో కాగితం కూడా చేతికిచ్చారు. పన్నెండు వారాల గుండె పునరావాస కార్యక్రమంలో చేర్చాలని అందులో ఉంది. అలాంటిదొకటి మన దగ్గర ఉన్నదనే సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

ఫిబ్రవరి మొదటి వారంలో చేరి ఏప్రిల్ చివరిదాకా మేము వెళ్ళిన ఆ కార్యక్రమం గురించే ఈ సమీక్ష. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదు కూడా ఉన్నందున కేంద్రం పేరు రాయడం లేదు. స్టెంటో బైపాసో అయిన మనిషి ఇంట్లో ఉన్నవారికి, ఇలాంటి చోట డబ్బు కట్టేముందు ఏమి చూసుకోవాలో తెలియాలన్నదే నా ఉద్దేశం. రుసుము 14,500 రూపాయలు. వారానికి రెండు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున వ్యాయామం, పోషకాహార నిపుణురాలితో నాలుగు విడతల సంప్రదింపు, పొగాకు మాన్పించే సలహా ఇందులో వస్తాయి. రక్తపరీక్షల ఖర్చు వేరు. మా బీమా దీనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

వ్యాయామం విషయంలో నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. మొదటి రోజు ఆరు నిమిషాల నడక పరీక్ష చేశారు. వరండాలో ముప్పై మీటర్ల దూరానికి రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. బాపు మధ్యలో రెండుసార్లు ఆగి 330 మీటర్లు నడిచారు. ఆ తర్వాత ప్రతి విడతలోనూ ముందు పది నిమిషాలు ఒళ్ళు వెచ్చబరిచే కదలికలు, ఛాతీకి ఈసీజీ తీగలు తగిలించి ట్రెడ్‌మిల్ మీద నడక, చివర మెల్లగా తగ్గించుకుంటూ రావడం, మొదట్లోనూ చివర్లోనూ రక్తపోటు చూడటం, ఇవన్నీ ఒక్కరోజు కూడా తప్పలేదు. గుండెపోటు వచ్చిన మనిషిని ఇంట్లో అందరం గాజుబొమ్మలాగా చూస్తాము, మంచం దిగనివ్వము. ఆ భయం బాపులోనూ ఉండేది, అమ్మలో ఇంకా ఎక్కువ ఉండేది. మూడో వారంలో అమ్మ ఆ ఈసీజీ తెర మీద గీతలు సమంగా పోతుండగా బాపు ఇరవై నిమిషాలు ఆగకుండా నడవడం కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయనను మంచినీళ్ళ కోసం లేవనివ్వడం మొదలైంది. ఈ ఒక్క మార్పుకే రుసుములో సగం చెల్లుతుందని నేను అనుకుంటున్నాను.

బాపు డ్రైవరు అని తెలిసి అక్కడి ఫిజియోథెరపిస్టు ఒక పాత పరిశోధన సంగతి చెప్పారు. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి, రోజంతా సీట్లో కూర్చొని నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండె ధమనుల జబ్బు తక్కువగా వస్తున్నదని ప్రకటించింది. తర్వాత మూడేళ్ళకు ఆ బృందమే యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత మొదటి నుంచీ ఎక్కువగానే ఉందని తేలింది. అంటే కూర్చొని చేసే పని ఒక్కటే కాక నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. ఇదంతా విని బాపు, "కండక్టర్లు నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయనేటోళ్ళు. నేనే సుఖంగ కూసున్ననని అనుకున్న బిడ్డా" అన్నారు. ఆ రోజే టేపు పెట్టి కొలిస్తే ఆయన నడుము 99 సెంటీమీటర్లు ఉంది. మన దేశపు మగవారికి 90, ఆడవారికి 80 దాటితే ముప్పు కింద లెక్క.

ఇక మొదటి ఫిర్యాదు. కేంద్రం గోడ మీద, ఆపరేషన్ అవసరం లేకుండా ఆహారంతోనే పూడికలు కరిగిపోతాయన్న అర్థం వచ్చే పెద్ద బోర్డు ఉంది. లోపల పనిచేసేవారు ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి, ఆ బోర్డు రాయించింది ప్రచార విభాగమే అనుకోవాలి. ఇలాంటి మాటలకు సాధారణంగా ఆధారంగా చూపించేది 1990లో డీన్ ఆర్నిష్ అమెరికాలో ప్రకటించిన పరిశోధన. అందులో పాల్గొన్నవారు 48 మంది మాత్రమే. కొవ్వును మొత్తం ఆహారశక్తిలో పది శాతానికి కుదించిన శాకాహారం, పొగ మానడం, ధ్యానం, వ్యాయామం అన్నీ కలిపి ఏడాది పాటు కఠినంగా పాటించినవారిలో ధమని ఇరుకు సగటున 40 శాతం నుంచి 37.8 శాతానికి తగ్గింది. మామూలు పద్ధతిలో ఉన్నవారిలో అది 42.7 నుంచి 46.1కి పెరిగింది. జబ్బు ముదరకుండా ఆపవచ్చు, కొద్దిగా వెనక్కి తిప్పవచ్చు అనడానికి అది విలువైన ఆధారమే. కానీ దానిని పట్టుకొని పూడిక మాయమవుతుందని రాయడం రోగిని మోసగించడమే అవుతుంది. మా బ్యాచ్‌లో 41 ఏళ్ళ ఎరువుల వ్యాపారి ఒకరు ఆ బోర్డు నమ్మి, ఆహారం సరిచేసుకున్నాను కదా, మాత్రలు ఆపేస్తానని నర్సును అడిగారు. ఆమె ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని, స్టెంట్ వేసిన తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలను గుండె వైద్యుడు చెప్పకుండా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చని ఓపికగా చెప్పారు. ఆమెకు ఉన్న జాగ్రత్త ఆ బోర్డు రాసినవారికి ఉండవలసింది.

పూడిక అనే మాట కూడా మనలను తప్పుదారి పట్టిస్తుందని నాకు అక్కడే అర్థమైంది. చెరువుల నాడు మనది, పూడిక అనగానే ఎండాకాలం మట్టి తవ్వి పొలాలకు తోలే దృశ్యం కళ్ళ ముందు కదులుతుంది. గుండె ధమనిలో జరిగేది అది కాదు. చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ కణాలు ధమని గోడ లోపలి పొర కిందికి చేరుతాయి, వాటిని మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు అక్కడే కొవ్వుతో ఉబ్బిపోతాయి, వాటి మీద పలచని కప్పు ఏర్పడుతుంది. ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా పెరిగిన ఆ గడ్డ కప్పు ఒకనాడు చిట్లితే, దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. మట్టి తూములో పేరుకోలేదు, తూము గోడలోనే పుండు పెరిగింది. పుండు మానాలంటే పొగ, ఉప్పు, రక్తపోటు, చక్కెర, కొవ్వు అన్నీ ఒకేసారి అదుపులోకి రావాలి. 2004లో సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, మొదటిసారి వచ్చే గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా, మనం మార్చుకోగలిగిన తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉందని తేల్చింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే, ఇతరులకు 59 ఏళ్ళకు వస్తున్నదని అదే అధ్యయనం సమాచారం చెప్పింది. మా బ్యాచ్‌లోని పదకొండు మందిలో ఐదుగురు యాభై దాటనివారే.

ఆహారం విషయానికి వస్తే, మొదటి వారం ఇచ్చిన కాగితం ఎందుకూ పనికిరాలేదు. ఓట్స్, ఆలివ్ నూనె, బ్రకోలీ, బాదం పాలు, సాల్మన్ చేప అని రెండు పేజీలు ముద్రించి ఉన్నాయి. అమ్మ దానిని చదివించుకొని, ఏమీ అనకుండా మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. రెండో వారం నేను ఆ సంగతి చెబితే పోషకాహార నిపుణురాలు నొచ్చుకోకుండా, "వండేది మీరైతే మీరే రావాలి పెద్దమ్మా" అని అమ్మను పిలిపించారు. ఆమె మహబూబాబాద్ వైపు అమ్మాయి, మన వంటలన్నీ తెలిసినవారు. అక్కడి నుంచి ఈ కార్యక్రమం నిజంగా మొదలైందని చెప్పాలి.

ఆమె ఏమి తింటారని అడగలేదు, కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులు వస్తుందని అడిగారు. ఊళ్ళో నలుగురికి ఇరవై అయిదు రోజులు వస్తుందని అమ్మ చెప్పింది. అంటే మనిషికి రోజుకు 10 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 5 గ్రాముల లోపు, సుమారు ఒక చిన్న చెంచా. తొక్కులకు వేసే గల్లుప్పు, అప్పడాలు, మిక్చర్‌లో వచ్చేది దీనికి అదనం. తర్వాత నూనె డబ్బా లెక్క తీశారు. నెలకు అయిదు లీటర్లు అంటే మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు. దానిని 25 గ్రాముల లోపుకు తేవాలని, అంటే నెలకు మూడు లీటర్లు దాటకూడదని చెప్పారు. "గింత ఉప్పు తింటున్నమా!" అని అమ్మ ఆ రోజంతా అనుకుంటూనే ఉంది. ఎంత తింటున్నారని అడిగితే ఎవరమూ నిజం చెప్పలేము, కొద్దిగానే అంటాము. ప్యాకెట్ ఎన్నాళ్ళు వస్తుందన్న ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టం. ఇప్పుడు అమ్మ ప్యాకెట్ విప్పిన రోజు తేదీని దాని మీదే రాయిస్తున్నది.

ఏ నూనె మంచిదన్న ప్రశ్నకు కూడా నిక్కచ్చిగా జవాబిచ్చారు. పామ్ నూనెలో దాదాపు సగం, కొబ్బరి నూనెలో ఎనభై శాతం పైగా, చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వులే ఉంటాయి. పల్లి నూనెలో అవి అయిదో వంతుకు మించవు, నువ్వుల నూనెలో ఇంకా తక్కువ, కుసుమ నూనెలో పది శాతం లోపే. గానుగ నూనె అయితే ఎంత వాడినా ఫరవాలేదన్న నమ్మకం ఇప్పుడు హనుమకొండలో బాగా వ్యాపించింది. గానుగ పట్టినంత మాత్రాన పల్లి నూనెలోని కొవ్వుల పాళ్ళు మారవు, కొలత దాటితే అదీ నడుముకే చేరుతుంది. డాల్డాతోనూ, ఒకే నూనెను పదేపదే కాచి వేయించిన వాటితోనూ అసలు పొత్తు వద్దన్నారు. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం దాటరాదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉన్నా, బజ్జీల బండి మీద మూకుడులో రోజంతా మరిగే నూనెను ఎవరు కొలుస్తారు?

అన్నం మానేయమని చెప్పకపోవడం నాకు బాగా నచ్చింది. బాపు మూడు పూటలా అన్నమే తినేవారు. ఆయన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే రకం కొవ్వు 240 ఉండి, మంచి కొలెస్ట్రాల్ 34 మాత్రమే ఉండటానికి కారణం మాంసం కొవ్వు ఒక్కటే కాదని, ఖర్చు కాని పిండిపదార్థాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుందని ఆమె వివరించారు. మధ్యాహ్నం పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, పావు వంతు అన్నం. రాత్రికి రెండు జొన్నరొట్టెలు. పొద్దున ఒకనాడు మక్క గట్క, ఒకనాడు అంబలి, ఒకనాడు పెసర్లు. మా నాయనమ్మ కాలంలో ఇంట్లో ఉండి, చౌక బియ్యం వచ్చాక మెల్లగా కనుమరుగైన తిండి ఇది. జొన్నరొట్టె చేయడం అమ్మ చేతులు మరిచిపోలేదు. గంగవాయిలి కూర పప్పులో వారానికి రెండుసార్లు పెట్టమన్నారు, ఆకుకూరల్లో అరుదుగా దొరికే ఒమేగా-3 రకపు కొవ్వు అందులో ఉంటుంది. అవిసెలు వేయించి పొడి కొట్టుకుంటే తొక్కుకు బదులవుతుంది. చెరువు చేపలు, బొచ్చె అయినా రవ్వ అయినా, వేపుడు కాకుండా పులుసుగా వారానికి రెండుసార్లు. మేకమాంసం పదిహేను రోజులకొకసారి, కొద్దిగా. తలకాయ, బోటి వద్దు. దావత్‌లకు వెళ్ళినప్పుడు ఏమి చేయాలన్నదానికి మాత్రం వారి దగ్గర సరైన సమాధానం లేదు. కల్లు గురించి అడిగితే మానేయండి అని ఒక్క మాటతో సరిపెట్టారు. మన ఊళ్ళలో ఈ రెండింటికీ అంతకంటే ఎక్కువ సమయం కేటాయించాలి. సకినాల సంగతి వచ్చినప్పుడు ఆమె, ఈ ఏటికి వాటి బదులు సర్వపిండి చేసుకోమన్నారు, అదే బియ్యప్పిండి, అవే నువ్వులు, కానీ గిన్నెకు రాసే నూనెతోనే కాలుతుంది.

కేంద్రంలో చిన్న భోజనశాల కూడా ఉంది. 120 రూపాయలకు రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, బీరకాయ కూర, చిన్న గిన్నెలో అన్నం, పచ్చిపులుసు, మజ్జిగ ఇస్తారు. బీరకాయ కూరలో ఉప్పు సగమే ఉన్నా, వేయించిన నువ్వుల పొడి, ఎల్లిపాయ వేసినందువల్ల చప్పగా అనిపించలేదు. పచ్చిపులుసు మాత్రం ఉప్పు తగ్గిస్తే నిలబడలేదు, వట్టి చింతపండు నీళ్ళలా ఉంది. మూడు వారాల తర్వాత నాలుక అలవాటు పడుతుందని వంటామె చెప్పారు. అలవాటు పడిన మాట నిజమే, ఇప్పుడు బయట తిన్న కూరలు మాకు ఉప్పుకషాయంలా తోస్తున్నాయి. ఆ పచ్చిపులుసు మాత్రం చివరిదాకా నాకు నచ్చలేదు.

రెండో ఫిర్యాదు చిన్నది కాదు. బయటికి వచ్చే దారిలోని కౌంటరులో ప్రోటీన్ పొడులతో పాటు, సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని ఒక ప్యాకెట్ అమ్ముతారు. ఈ రకం ఉప్పులో సోడియం స్థానంలో కొంత పొటాషియం ఉంటుంది. అది చెడ్డ వస్తువేమీ కాదు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మందితో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, అలాంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, రామిప్రిల్ వంటి రక్తపోటు మాత్రలు వాడేవారికీ ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బాపు రామిప్రిల్ వాడుతున్నారు. కౌంటరులో ఎవరూ ఏ మాత్రలు వాడుతున్నారని అడగలేదు, మేమూ గుండె కేంద్రంలో అమ్మేది గుండెకు మంచిదే కదా అని కొన్నాము. నెల తర్వాత మామూలు పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యుడు పొటాషియం 5.6 చూసి, ఉప్పు సంగతి అడిగి, వెంటనే మాన్పించారు. వారం తర్వాత సరిపోయింది. నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాక కౌంటరు దగ్గర ఒక హెచ్చరిక కాగితం అంటించారు. అయితే అది అడుగున, చిన్న అక్షరాలతో ఉంది. మందుల చీటీ చూడకుండా ఆ ప్యాకెట్ అమ్మకూడదని ఇప్పటికీ అంటాను.

బీడీ మాన్పించిన తీరు ఈ కేంద్రంలో అన్నింటికంటే గొప్పది. బాపు రోజుకు ఒక కట్ట కాల్చేవారు. మా మేనత్త ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టి పిల్లలను చదివించింది, అందుకని మా ఇంట్లో బీడీని తిట్టడం అంత తేలిక కాదు. బీడీ సిగరెట్ కంటే నయమన్న మాట కూడా మనలో పాతుకుపోయింది. ఇంటర్‌హార్ట్ సమాచారంలో బీడీకీ, నమిలే పొగాకుకూ కూడా గుండెపోటుతో స్పష్టమైన సంబంధం కనిపించింది. సలహాదారు ఇవేవీ మొదట చెప్పలేదు. ఏయే వేళల్లో కాలుస్తారో బాపుతోనే ఒక వారం రాయించి, పొద్దున చాయ్ తర్వాతి బీడీ, బస్సు ఆగినప్పటి అలవాటుతో పదకొండింటికి కాల్చే బీడీ, ఈ రెండే అసలు గట్టివని తేల్చారు. వైద్యుడితో మాట్లాడి నికోటిన్ గమ్ ఇప్పించి, చాయ్ స్థలం అరుగు మీది నుంచి వంటింట్లోకి మార్పించారు. బాపు ఇప్పటికి డెబ్బై ఆరు రోజులుగా బీడీ ముట్టలేదు. మానిన ఏడాదికి, పొగ వల్ల గుండెకు పెరిగిన ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. కేంద్రానికి వెళ్ళలేనివారికి 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉందని కూడా వారే చెప్పారు.

పన్నెండు వారాల చివర వచ్చిన ఫలితాలు చెబుతాను. బరువు 78 కిలోల నుంచి 73కు, నడుము 99 నుంచి 93 సెంటీమీటర్లకు తగ్గాయి. ఆరు నిమిషాల నడక 455 మీటర్లకు పెరిగింది, ఎక్కడా ఆగలేదు. ఎల్‌డీఎల్ 142 నుంచి 61కి దిగింది. ఈ చివరి అంకెను కేంద్రంవారు తమ గొప్పగా చెప్పుకున్నారు గాని, అందులో అధిక భాగం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రదే. ట్రైగ్లిజరైడ్లు 150కి రావడం, నడక పెరగడం తిండిదీ వ్యాయామానిదీ అని నమ్ముతాను.

ఇంత మంచి పని ఎంతమందికి అందుతుందన్నదే నా బాధ. విడతలన్నీ పొద్దున పదింటికే ఉంటాయి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి రావడం కూలి మనిషికి సాధ్యం కాదు. మా బ్యాచ్‌లో ఆడవారు ఇద్దరే, వారిలో ఒకరు ఇంటి పని కుదరక అయిదో వారంలో మానేశారు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో దాదాపు నాలుగు వేల మందితో జరిగి 2020లో వెలువడిన యోగా-కేర్ పరిశోధనలో, ఖరీదైన యంత్రాలు లేకుండా పన్నెండు వారాల్లో పదమూడు విడతల యోగా శిక్షణతో రోగులు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్ళగలిగారు. మరణాలు, తిరిగి వచ్చే గుండెపోట్లు తగ్గాయని మాత్రం అది రుజువు చేయలేకపోయింది. అలాంటి తక్కువ ఖర్చు పద్ధతిని సాయంత్రం వేళ, వారానికి ఒక్కరోజుగా నడిపి, మధ్యలో ఫోనులో పలకరిస్తే పల్లెలవారు కూడా నిలబడతారని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

కార్యక్రమం ముగిశాక వ్యాయామశాల ఒక్కదానికి నెలకు 900 రూపాయలు కట్టి కొనసాగవచ్చన్నారు. మేము కట్టలేదు. బాపు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటూ, ఎండ ముదరకముందే, ఆరింటికల్లా భద్రకాళి బండ్ మీద నలభై నిమిషాలు నడిచి వస్తున్నారు. చేరదలచినవారు డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రలన్నీ మొదటి రోజే వెంట తీసుకెళ్ళండి. రోగితో పాటు ఇంట్లో వంట చేసే మనిషిని కూడా తప్పక తీసుకెళ్ళండి. మేము ఆ పని రెండో వారంలో గాని చేయలేదు.